సాక్షి పక్కన కూర్చోకూడదు

ఎల్‌ఎల్‌ఎం చదవడానికి ఇంగ్లండు వచ్చిన మన పిల్లలు నన్ను కలిసినప్పుడు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు. "ఆంటీ, అక్కడి సివిల్ ప్రొసీజర్‌కీ ఇక్కడిదానికీ మెయిన్ డిఫరెన్స్ ఏంటి?" వాళ్ళకు కావలసింది పరీక్షలో రాసుకునే జవాబు. అది లైబ్రరీలో దొరుకుతుంది. ఇక్కడ నేను రాస్తున్నది లైబ్రరీలో దొరకనిది. చదివాక కూడా ఈ వృత్తిలోకి రావాలనిపిస్తే నిక్షేపంగా రండి.

కాకినాడ కోర్టుల్లో పాతికేళ్ళు సివిల్ ప్లీడరుగా ఉన్నాను. శారదగారి దగ్గరికి వెళితే గట్టు తగాదా గట్టెక్కుతుందని కొందరైనా అనుకునేవారు. 2008లో మావారి బ్యాంకు ఉద్యోగం కోసం ఇక్కడ రీడింగ్ అనే ఊరికి వచ్చాం. ఇక్కడ నా పాతికేళ్ళూ చిత్తుకాగితంతో సమానమయ్యాయి. నాలుగేళ్ళకు పెళ్ళి కూడా చెల్లిపోయింది. ఆయన రీడింగ్‌లోనే ఉండిపోయారు, నేను లండన్‌లోని క్రోయిడన్ వచ్చి ఒక చిన్న సొలిసిటర్ ఆఫీసులో కేస్‌వర్కర్‌గా చేరాను. కింద చికెన్ టేకవే, పైన మేము. మా క్లయింట్లలో తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు. వాళ్ళ గోడు విని ఇంగ్లీషు కోర్టుకు పనికొచ్చేలా తయారుచేయడం నా పని. 2019లో మానేసేదాకా అదే చేశాను.

వాయిదా లేని చోటు

మన కోర్టుల్లో పొద్దున కాల్ వర్క్ అంటే ఒక జాతర. బెంచి క్లర్కు కేసులు పిలుస్తూ ఉంటాడు, ప్లీడర్లు "టైం ప్లీజ్" అంటూ ఉంటారు, జడ్జిగారు తేదీలు పంచుతూ ఉంటారు. సమన్లు అందినవాడు కూడా కంగారుపడడు. మొదటి వాయిదాకి వకాల్తా, రెండోదానికి గడువు, జవాబు దావా సంగతి ఆనక చూసుకోవచ్చు.

ఆ ధీమాతోనే ఇక్కడ మనవాళ్ళు మునుగుతారు. మాస్టర్స్ చేస్తున్న ఒక కుర్రాడు కోర్టు కాగితాలు వస్తే వాటిని మైక్రోవేవ్ మీద పెట్టి ఊరుకున్నాడు. జవాబు ఇవ్వాల్సిన గడువు దాటింది. తీర్పు ఇచ్చేయమని అవతలివాళ్ళు అడిగారు, వచ్చేసింది.

"కోర్టువాళ్ళు డేట్ ఇస్తారు కదా, అప్పుడు వెళదామనుకున్నా ఆంటీ. డేటే ఇవ్వలేదు," అన్నాడు.

డేటు ఇవ్వకపోవడమే అసలు సంగతని వాడికి తెలిసేసరికి ఆలస్యమైంది. తీర్పు రద్దు చేయించడానికి మేం పడిన తంటాలు ఇక్కడ అనవసరం. మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. అక్కడ ఏమీ చేయకపోవడం ఒక ఎత్తుగడ, ఇక్కడ ఏమీ చేయకపోవడం ఓడిపోవడం.

వాయిదాలు కక్షిదారు రక్తం తాగుతాయి. నేను కాదనను. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని ఊరికే అనలేదు. కానీ ఆ వరండాలో ఎవరూ ఒంటరిగా ఉండరు. వాది తాలూకు మనుషులు, ప్రతివాది తాలూకు మనుషులు, వాళ్ళ వెంట వచ్చిన బావమరుదులు, ఒకే టీ కొట్టు. నా కేసుల్లోనే ఒకటి ఎంతకాలం నడిచిందంటే, చివరికి రెండు పక్షాలవాళ్ళూ వియ్యంకులయ్యారు. ఇక్కడ వెయిటింగ్ ఏరియాలో మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది. అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. మొదట్లో అది మర్యాద అనుకున్నాను. ఇప్పటికీ మర్యాదే అనుకుంటాను, కాకపోతే దాని మధ్యలో కూర్చోవడం నాకు చేతకాలేదు.

మనకు వ్యతిరేకమైనది మనమే ఇవ్వడం

మా బాస్ పేరు మార్టిన్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే మనిషి. గొంతు పెంచడు. గొంతు పెంచని బాస్‌కి అలవాటు పడటం ఎంత కష్టమో మన సీనియర్ల దగ్గర తిట్లు తిని పెరిగినవాళ్ళకు తెలుస్తుంది.

ఫ్లాట్‌లో చెమ్మ గురించి ఒక కేసు. మా క్లయింటు తనే కిటికీలు మూసేసి ఉంచుతానని ఇంటి ఓనరుకు ఎప్పుడో ఈమెయిల్ రాసుకున్నాడు. చెమ్మ పట్టింది అతని తప్పువల్లేనని తేల్చి మా కొంప ముంచే ఈమెయిల్ అది. అవతలివాళ్ళకు పంపాల్సిన డాక్యుమెంట్లలో నేను దాన్ని కలపలేదు. పాతికేళ్ళ అలవాటు అది. మనకు ఉపయోగపడేవి మనం దాఖలు చేస్తాం, మిగతావి కావాలంటే వాళ్ళు పిటిషన్ వేసుకుని చావాలి.

మార్టిన్ ఫైలు తిరగేసి, "ఇది వాళ్ళకు పంపడం లేదేం?" అన్నాడు.

"మనకు వ్యతిరేకం కదా," అన్నాను.

"అందుకే పంపాలి," అని టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. నాకూ ఒక కప్పు తెచ్చాడు. అంతకంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ రోజు నేను లోలోపల ఈ దేశాన్ని చాలా మాటలు అన్నాను. ఇప్పుడడిగితే, ఇక్కడి ప్రొసీజర్ మొత్తంలో మనం అరువు తెచ్చుకోవాల్సింది ముందుగా ఇదేనంటాను. దీనివల్ల సగం అబద్ధాలు కోర్టు గడప తొక్కకముందే చచ్చిపోతాయి. అయితే దానికో ఖరీదుంది. మన దగ్గర ప్లీడరు కక్షిదారు మనిషి. చట్టం పుస్తకాల్లో మరోలా రాసి ఉన్నా, వరండాలో అందరికీ తెలిసింది అదే. ఇక్కడ లాయరు ముందు కోర్టు మనిషి, తర్వాతే మీ మనిషి. ఆ "తర్వాత" ఎంత దూరమో నాకు తర్వాతి కేసులో తెలిసింది.

అన్నట్టు, ఇదంతా ఒకే దేశం కదా అనుకుని స్కాట్లండులో ఎడిన్‌బర్గ్ వెళ్ళి మరోసారి నవ్వులపాలయ్యాను. అక్కడి సొలిసిటర్‌ని మీ డాక్యుమెంట్లన్నీ ఎప్పుడిస్తారని దర్జాగా అడిగితే, "ఇది ఇంగ్లండు కాదు మేడమ్. కావాలంటే ఏమేం కావాలో రాసి కోర్టు ఆర్డరు తెచ్చుకోండి," అన్నాడాయన. విచారణను వాళ్ళు ప్రూఫ్ అంటారు, ఇంజంక్షన్‌కి వేరే పేరుంది. క్రోయిడన్ కంటే కాకినాడే ఆ ఊరికి దగ్గర! బస్సులో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎవరికైనా చెప్పాలనిపించి ఫోను తీశాను. ఈ జోకు అర్థం కావాలంటే మూడు కోర్టులూ తెలిసి ఉండాలి, తెలుగు కూడా వచ్చి ఉండాలి. అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు నాకు. ఫోను సంచీలో పెట్టేశాను.

సుజన

ఇక సుజన కేసు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

సుజనది అనంతపురం వైపు. మాస్టర్స్ చేయడానికి వచ్చి క్రోయిడన్‌లో కమల అనే ఒక రిటైర్డ్ నర్సు ఇంట్లో గది తీసుకుంది. కమలగారిది ఒంగోలు దగ్గర. భర్త పోయారు, పిల్లల్లేరు. చదువు అయిపోయి ఉద్యోగం వచ్చినా సుజన ఆ ఇల్లు వదల్లేదు. పెద్దావిడకు కీళ్ళు పట్టేశాయి, తర్వాత గుండె జబ్బు వచ్చింది. జీపీ సర్జరీకి, అంటే డాక్టరు క్లినిక్‌కి, తీసుకెళ్ళడం, వండిపెట్టడం, స్నానం చేయించడం, అన్నీ ఈ పిల్లే. ఎడిన్‌బర్గ్‌లో మంచి ఉద్యోగం వస్తే, "నువ్వెళ్ళిపోతే నాకెవరున్నారే? ఈ ఇల్లు నీదే, ఉండిపో," అందట కమలగారు. సుజన ఉండిపోయింది. కమలగారు వీలునామా రాయకుండానే పోయారు. ఆవిడ అన్న కూడా ఎప్పుడో పోవడంతో ఇల్లు చట్టప్రకారం ఆయన కొడుకు ప్రసాద్‌కి వచ్చింది. రీడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అతనిది. ఖాళీ చేయమన్నాడు.

"నాకు ఇంగ యాడికీ పోయే దారి లేదు ఆంటీ. ఇల్లొక్కటే అయితే పోనీ అనుకుందును. నేనే ఆమెను వల్లో వేసుకున్నానని లాయరుతో రాయించినారు. ఆమెకు ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి ఇది," అంది మొదటిరోజు.

నోటిమాటను నమ్మి ఒకరు తమ జీవితం మార్చుకుంటే, ఆ మాటకు ఇంగ్లండు కోర్టు విలువ ఇస్తుంది. కానీ ఆ మాట చెప్పారని నమ్మించాలి. కాగితం లేదు. విన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా సుజన నోరు. జడ్జి ఆమెను నమ్మితే ఇల్లుంటుంది, పరువుంటుంది. నమ్మకపోతే రెండూ పోతాయి.

అవతలి పక్షాన ప్రసాద్, అతని తల్లి సీతారావమ్మగారు సాక్షులు. అంటే కమలగారికి ఆవిడ వదిన, కొడుకు దగ్గరే ఉంటారు. కమల అలాంటి మాట ఎన్నడూ అనలేదని ఆవిడ పేరున ఇంగ్లీషులో ఒక స్టేట్‌మెంటు వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆ పదాలు చూడగానే నాకర్థమైంది. కొడుకు చెప్పాడు, సొలిసిటర్ రాశాడు, తల్లి సంతకం పెట్టింది. కాకినాడలో సాక్షుల అఫిడవిట్లు నేనూ అలాగే తయారుచేసేదాన్ని. ఇక్కడ మాత్రం అది వీలైనంతవరకూ సాక్షి సొంత మాటల్లో ఉండాలి.

మధ్యాహ్నం

సుజన బోను ఎక్కిన రోజున పొద్దుటి పూటంతా ప్రశ్నలతోనే గడిచింది. ప్రసాద్ తరఫున వాదించే బారిస్టర్ చాలా మర్యాదగా అడిగాడు. "అద్దె లేకుండా ఉన్నారు కదా, మీకది చాలదా?" "ఆవిడ ఫోన్లు మీరే ఎత్తేవారు కదా?" ఒక్కొక్క ప్రశ్నకూ ఆ పిల్ల మొహం పాలిపోతూ వచ్చింది. ప్రశ్నలు ఇంకా చాలా ఉండగానే ఒంటిగంటయింది.

జడ్జి ఆమెవైపు తిరిగి, "మీరింకా ప్రమాణం మీదే ఉన్నారు. తిరిగి వచ్చేదాకా ఈ కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు, మీ లాయర్లతో కూడా," అన్నాడు.

ఈ సంగతి నేను ముందే చెప్పి ఉంచాను. బయటికి రాగానే మార్టిన్ నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వు అసలు ఆమె దగ్గరికి వెళ్ళకు శారదా. మీరు తెలుగులో వాన గురించి మాట్లాడుకున్నా, చూసేవాళ్ళకు అది కేసు గురించే."

అతను చెప్పింది నిజం. అక్కడి జడ్జికీ లాయర్లకూ రాని భాష మాట్లాడుకుంటే, తర్వాత ఏం చెప్పినా నమ్మేవాడుండడు. సుజన కారిడార్‌లో బెంచీ మీద కూర్చుంది. నేను ఆ చివర లిఫ్టు దగ్గర కూర్చున్నాను. ఆ పిల్ల పొద్దున్నుంచీ ఏమీ తినలేదని నాకు తెలుసు. ఒకసారి తలెత్తి నావైపు చూసింది. నేను కళ్ళు తిప్పుకున్నాను. కాకినాడలో అయితే ఈపాటికి చుట్టూ పదిమంది ఉండేవాళ్ళు. ఒకరు ఇడ్లీ పొట్లం విప్పేవారు, ఒకరు విసనకర్రతో విసిరేవారు, నేను చెవిలో తర్వాతి జవాబులు ఊదుతూ ఉండేదాన్ని. జవాబులు ఊదడం తప్పే. తోడు కూర్చోవడం తప్పా? ఈ రూలు రెంటినీ ఒక్క వేటున నరికేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల కోసమా నా కోసమా అంటే చెప్పలేను.

ప్రసాద్ తన లాయర్లతో మాట్లాడటానికి గదిలోకి, సీతారావమ్మగారి కోసం పిలిపించిన ఇంటర్‌ప్రెటర్ భోజనానికి వెళ్ళారు. ఆవిడ బయట ఒక్కరే మిగిలారు. కాసేపు సుజనను చూస్తూ కూర్చున్నారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచి, సంచీలోంచి డబ్బా తీసి, వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నారు.

"తిను తల్లీ. కళ్ళు తిరిగి పడతావ్."

కోర్టులో ఎవరు ఎవరి మీద దావా వేశారన్నది ఆవిడకు ఆ క్షణంలో లెక్కలేదు. ఎదురుగా ఒక ఆడపిల్ల తిండి లేకుండా ఒక్కతే కూర్చుని ఉంటే తన డబ్బా విప్పుకుని తినడం ఆవిడకు చేతకాలేదు. మూతలో అన్నం పెట్టి ఇచ్చారు. సుజన తల దించుకుని తింటోంది. ఆవిడ వీపు మీద చెయ్యి వేసి ఏదో మెల్లగా చెబుతున్నారు. నాకు అన్నీ వినపడలేదు. "కమల" అన్నది వినపడింది. "ఇల్లు" అన్నది వినపడింది. సుజన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది.

ఇక్కడే, పిల్లలూ, మీకూ నాకూ జీతమిచ్చేది దేనికో తేలుతుంది. వాళ్ళిద్దరూ కాక, ఆ మాటలు వినపడి అర్థమైనది నాకొక్కదానికే. నేను నోరు మూసుకుంటే ఏమీ జరగలేదు. నోరు విప్పితే, జడ్జి వద్దన్న పని సుజన చేసిందని నేనే చెప్పినట్టు. నమ్మకమే మొత్తం కేసైనప్పుడు, దాని మీద నా చేత్తో నేనే దెబ్బ వేసినట్టు. ఆ కుర్చీలోంచి లేవడానికి నాకు చాలాసేపు పట్టింది. లేచి మార్టిన్‌కి చెప్పాను. అతను మా బారిస్టరమ్మకి చెప్పాడు. ఆమె అవతలివాళ్ళకు చెప్పి, కోర్టు మొదలవగానే జడ్జికి చెప్పింది.

ఇంకా ప్రమాణం మీద

"భోజనం వేళ ఎవరైనా మీతో కేసు గురించి మాట్లాడారా?" అని జడ్జి సుజనను అడిగాడు.

ఆ పిల్ల ముందు సీతారావమ్మగారిని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఎవరు చెప్పారో ఆ చూపులోనే తెలుసుకుంది.

"ఆమె నాకు అన్నం పెట్టింది," అంది ఇంగ్లీషులో. "మిగతాది నేను చెప్పకపోతే కాదా?"

"చెప్పాలి," అన్నాడు జడ్జి, చాలా నెమ్మదిగా.

చెప్పింది. ఇల్లు సుజనకే ఇస్తానని కమలగారు తనతో కూడా ఫోనులో అన్నారని, కొడుకు పెట్టమన్నచోట సంతకం పెట్టానని, అందులో ఏముందో తర్వాత తెలిసిందని సీతారావమ్మగారు చెప్పారట. ఎవరికీ చెప్పవద్దని కూడా అన్నారట. మన కోర్టులో అయితే "చెప్పారట" దగ్గరే అవతలి ప్లీడరు లేచి, విన్నమాట సాక్ష్యం కాదని అరిచేవాడు. ఇక్కడ సివిల్ కేసులో విన్నమాటనీ వింటారు, దాని బరువెంతో తర్వాత తూస్తారు. అవతలి బారిస్టర్ వేరే దారి పట్టాడు. "ఇది మీరిప్పుడు అల్లిన కథ కదా?" అన్నాడు.

అదే మాట మరీ మరీ అడిగాడు. వెనక వరసలో సీతారావమ్మగారు, పక్కనున్న ఇంటర్‌ప్రెటర్ చెబుతున్నది విని, లేచి నిలబడ్డారు.

"ఆ పిల్లని ఇంక అడగమాకండి బాబూ. నేనే చెప్పా. నిజవే చెప్పా."

"అమ్మా, కూర్చో!" అన్నాడు ప్రసాద్.

"ఏం కూచునేది రా! అన్నం తినే పిల్లకి అబద్ధం చెబుతానా?"

ఇంటర్‌ప్రెటర్ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి తడబడ్డాడు. జడ్జి ఆవిడను కూర్చోమని, అక్కణ్ణుంచి మాట్లాడకూడదని మర్యాదగా చెప్పి, విచారణ కాసేపు ఆపాడు. ఆ కాసేపట్లోనే రెండు పక్షాల బారిస్టర్లూ ఒక గదిలో కూర్చున్నారు. సాయంత్రానికి రాజీ కుదిరింది. బ్యాంకులో ఉన్న కమలగారి డబ్బు ప్రసాద్‌కి, ఇల్లు సుజనకి. ప్రసాద్ తల్లిని రమ్మనకుండానే వెళ్ళిపోయాడు. ఆవిడ లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే సుజనే వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా మాట స్పష్టంగా చెబుతున్నాను. అలాంటి రోజు మళ్ళీ వస్తే నేను మళ్ళీ లేస్తాను, మళ్ళీ మార్టిన్‌కే చెబుతాను. మీరూ చెప్పండి. ఎవరికీ రాని భాష తెలిసిన మనిషి మీద కోర్టు ఆనుకుని ఉంటుంది. ఆ మనిషి ఒక్కసారి తనవాళ్ళ కోసం చెవులు మూసుకుంటే ఆ తర్వాత వచ్చే తెలుగువాళ్ళ మాట ఎవడూ నమ్మడు. అయితే ఈ రూలు అందరికీ మంచిదని మాత్రం అనకండి. దాన్ని పాటించినందుకు మీరేం పోగొట్టుకుంటారో ఎవరూ చెప్పరు కాబట్టి, నేను చెబుతున్నాను.

కొన్ని వారాల తర్వాత సుజన భోజనానికి పిలిచింది. ట్రామ్‌లో వెళ్ళాను. కేసు మొదట్నుంచీ వారానికి రెండుసార్లు ఫోన్ చేసి నా బాగోగులు అడిగిన పిల్ల, రాజీ అయినప్పట్నుంచీ ఒక్కసారి కూడా చేయలేదు. అందుకే పిలవగానే వెళ్ళాను. కొసరి కొసరి వడ్డించింది. సీతారావమ్మగారు ఎలా ఉన్నారని అడిగాను.

"ఒంగోలుకి పంపించేసినాడు. మాట్లాడడంట కొడుకు. నాకు ఇల్లు నిలబెట్టి ఆమె ఇల్లు పోగొట్టుకునె," అంది.

 రూలు ఎందుకు ఉందో, నేను చెప్పకపోయి ఉంటే ఏమై ఉండేదో మొదలుపెట్టబోయాను.

"మీరు చేసింది కరెక్టే మేడం. నాకు తెలుసు. మీరు చెప్పబట్టే ఇల్లొచ్చింది, అదీ తెలుసు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. "కానీ మీరొచ్చి నా పక్కన కూసోలేదు. కూసున్న ఆమెను పోనీలే అని వదల్లేదు. ఆ పొద్దు నుంచి మిమ్మల్ని ఆంటీ అందామంటే నోరు రావడం లేదు మేడం. ఏమనుకోవద్దు."

ఏమీ అనుకోనని చెప్పాను. ఆ రూలు తరఫున నేను ఏ దేశపు కోర్టులోనైనా నిలబడి గెలవగలను. ఆ భోజనాల బల్ల దగ్గర మాత్రం ఓడిపోయి, ఆ పిల్ల వడ్డించింది తిన్నాను.